సముద్రపు తాబేళ్లును, బడిపిల్లలును



శ్రీకూర్మమున విష్ణువును తాబేటి రూపమున కొలుచుచున్న వారము మనము. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల మన సముద్రతీరమున ఏటేట పుష్యము మొదలు ఫాల్గుణము వరకు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టుచుండును. తెల్లవారునప్పటికి వానిని కుక్కలో నక్కలో త్రవ్వి తినివేయుట తీరగ్రామముల వారికి క్రొత్త సంగతి కాదు. ఆ గ్రుడ్లను కాపాడుటలో విద్యార్థులు చేయగల సాయమును గూర్చి మీకు మనవి చేయదలచితిని.

ఈ జాతికి ఆలివ్ రిడ్లీ యని పేరు. ఆడుతాబేలు వెనుకకాళ్లతో మూరెడు లోతున కూజావంటి గుంట త్రవ్వి, 100 మొదలు 120 వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రమునకు మరలిపోవును. మరి తిరిగి చూడదు. ఇసుక వేడిమికే గ్రుడ్లు పొదుగబడి, 45 మొదలు 60 దినములలో పిల్లలు బయలుపడును. ఇందొక వింత కలదు. ఆ వేడి సుమారు 30 డిగ్రీలకు మించినచో ఆడుపిల్లలే హెచ్చుగా పుట్టును. తగ్గినచో మగపిల్లలు పుట్టును. కావున గ్రుడ్లు పూడ్చిన చోట తాటాకు పందిరి వేయుటయా, మానుటయా యనునది కూడ ఆలోచించి చేయవలసిన పనియే.

మదరాసు తీరమున 1970 తరువాతి సంవత్సరములలో కొందరు ప్రకృతిప్రియులు రాత్రులు నడచి గ్రుడ్లను వెదకుటకు మొదలిడిరి. 1988లో విద్యార్థులు ఆ పనిని చేపట్టి యొక సంఘముగా నేర్పడిరి. నీలాంకరై నుండి బీసెంటునగరు వరకు సుమారు 7 కిలోమీటర్లు అర్ధరాత్రివేళ ఇసుకలో నడచుదురు. తాబేలు ప్రాకిన జాడను గుర్తించి, చేతులతో త్రవ్వి, గ్రుడ్లను కంచెవేసిన తావునకు తెచ్చి, మునుపటి లోతున, మునుపటి ఆకారపు గుంటలోనే పూడ్చుదురు. దీనికి జీతము లేదు. పగలు కళాశాలకు పోవలసినదే!

మా యనుభవమొకటి చెప్పక తప్పదు. ఒకయేడు అనుమతి పొంది, బడిపిల్లల జట్టు నొకదానిని తీరమునకు తీసికొని పోయితిమి. పొద్దెక్కిన తరువాత దొరకిన గ్రుడ్లను పిల్లలు ముచ్చటపడి చేతినుండి చేతికి అందించుకొని, దొర్లించి, బుట్టలో నింపిరి. రెండు నెలలు కాచితిమి. ఒక్క గ్రుడ్డును పగులలేదు. గ్రుడ్డు పెట్టిన కొన్ని గంటలకే పిండము పెంకు లోపలి పైభాగమునకు అంటుకొనును. ఆ మీదట తలక్రిందు చేసినచో చచ్చును. తప్పు ముందుగా చెప్పని మాది. దినదినము వచ్చి ఆ గుంటను చూచిపోవుచుండిన బాలుడొకడు, "అయ్యా, మేము ముట్టకున్నచో బ్రతికియుండునా?" అని యడిగెను. కుక్కలపాలై యుండవచ్చునని చెప్పి యూరడింపవచ్చును. నాకు నోరాడలేదు.

రాత్రులు మేలుకొన్నచో చదువు చెడునని పెద్దలనుట న్యాయమే. చిన్నపిల్లలను రాత్రి పంపవలదనియే నా యభిప్రాయమును. వారు పగలు కంచెను కాచి కుక్కలను తోలవచ్చును. పిల్లలు వెడలిన పిదప గుంటను త్రవ్వి, పగిలిన పెంకులెన్ని, చెడిన గ్రుడ్లెన్ని యని లెక్కించి పుస్తకమున వ్రాయవచ్చును. ఈ లెక్క వలననే మరుసటి యేడు పందిరి వేయవలయునో లేదో తెలియును.

కొన్ని పనులు మాత్రము పిల్లల వలన కావు. మరపడవల వలలలో చిక్కి, ఊపిరికొఱకు పైకి రాలేక పెద్ద తాబేళ్లు చచ్చుచున్నవి. దానిని చక్కబెట్టవలసినవారు పడవల యజమానులును ప్రభుత్వమును. పంచాయతి చేతిలోనున్నది దీపముల సంగతి. గుంట వెడలిన పిల్ల రాత్రి వెలుగు హెచ్చుగా నున్న దిక్కునకు పోవును. పూర్వము ఆ వెలుగు సముద్రము మీదనే యుండెడిది. నేడు ఒడ్డున విద్యుద్దీపములుండుటచేత బాటవైపు ప్రాకి బండ్లక్రింద పడుచున్నవి. పిల్లలు వెడలు దినములలో ఒడ్డుదీపములను రాత్రి ఆర్పింప మీకు సాధ్యమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అటవీశాఖవారి యనుమతి లేక గ్రుడ్లను కదల్పరాదు. కావున ఎవరికి కబురంపవలయునో మాఘమునకు ముందే యుపాధ్యాయునితో కూడి నిశ్చయించుకొనుడు. జాడ కనబడిన బాలుడు దేనిని ముట్టక, అచట నొక పుల్ల గ్రుచ్చి పరుగున వచ్చి మీకు చెప్పవలెను. ఆ పుల్లను కూడ గుంటకు రెండు మూరల దూరమున గ్రుచ్చుమనుడు. నడుమ గ్రుచ్చినచో గ్రుడ్లు చిదియును.