మా అమ్మాయి జర్మన్ చదువు

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంటర్ పాసై 1989లో భర్తీ అయినవాణ్ణి, 2019లో సుబేదారుగా ఇంటికొచ్చాను. చదువుల గురించి చెప్పేటంత వాణ్ణి కాను. మా అమ్మాయి ప్లస్ వన్, ప్లస్ టూలో జర్మన్ చదువుతానంటే వద్దని గొడవపడ్డవాణ్ణి. ఆ సంగతే చెబుతాను.

2011లో కేంద్రీయ విద్యాలయాల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా జర్మన్ మూడో భాషగా పెట్టారు, మాక్స్ ముల్లర్ భవన్‌తో ఒప్పందం మీద. 2014 నవంబరులో దాన్ని తీసి సంస్కృతం పెట్టాలని నిర్ణయించారు. మీ పిల్లల్లో కొందరు ఆ మధ్యలో చిక్కుకునే ఉంటారు. మా అమ్మాయి 2011లోనే ఆరో తరగతి కాబట్టి మూడేళ్ళూ చదివేసింది. తొమ్మిది, పది సొంతంగా పుస్తకం పెట్టుకుని నడిపించింది.

2016లో నాకు సిక్కిం పోస్టింగు వచ్చింది. ఇంట్లోవాళ్ళని పుణేలో సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లో దింపి వెళ్ళాను. పదకొండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఇంగ్లీషు పోను అయిదో సబ్జెక్టు ఎంచుకోవాలి. కంప్యూటర్ తీసుకోమన్నాను. జర్మన్ తీసుకుంటానంది. "జర్మన్ కూడు పెడుతుందా?" అని ఫోన్లో గట్టిగా అరిచాను. పక్కన మా హవల్దారు కూడా విన్నాడు. "మీరు చెప్పినట్టే అన్నీ చదివాను నాన్నా, ఇదొక్కటి నన్ను చదువుకోనివ్వండి" అంది. తర్వాత రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సెలవుకెళ్ళినప్పుడు చూస్తే, రాత్రి పదింటికి గోడకి తిరిగి పాఠం వల్లిస్తోంది. ఏమిటే అది అని అడిగితే చెప్పడం మొదలెట్టింది. వాళ్ళకి పెద్దవాళ్ళని పిలవడానికి "జీ" అనే మాట ఉందిట, అర్థం మన "మీరు". మన "జీ సాబ్"లో జీకి దగ్గరగా వినిపిస్తుంది! దగ్గరివాళ్ళని "డూ" అంటారు, అంటే నువ్వు. అమ్మానాన్నలిద్దరూ డూయే. మా ఇంట్లో వాళ్ళమ్మని నువ్వు అంటుంది, నన్ను మీరు అంటుంది. "అక్కడైతే మీరూ డూయే నాన్నా" అని నవ్వింది.

వాళ్ళకి మూడు లింగాలు. అమ్మాయి అనే మాట "మేడ్‌షెన్" స్త్రీలింగం కాదట, నపుంసకం. హిందీ పిల్లలు ఇదేం వింత అన్నారట. మనకి వింతేముంది? ఆమె వచ్చింది అంటాం, బండి వచ్చింది అంటాం. క్రియని వాక్యం చివరికి తోసే అలవాటు కూడా వాళ్ళకి కొన్నిచోట్ల ఉంది. అది మా అమ్మాయికి తేలిగ్గా వచ్చేసింది. పారాచూట్‌ని "ఫాల్‌షిర్మ్" అంటారు, పడేటప్పటి గొడుగు అన్నట్టు. గ్లవ్స్ అయితే "హాండ్‌షూ", చేతి జోళ్ళు. సిక్కిం చలిలో వాటి విలువ తెలిసినవాణ్ణి కదా, నాకా మాట బాగా నచ్చింది.

అంకెలే చంపేస్తాయి. 54ని నాలుగూ-యాభై అంటారు. క్యాసెట్టు విని 45 రాసేసేది. నేను గ్రిడ్ రిఫరెన్సులు చెప్పినట్టు అంకెలు చదివి, రోజూ అరగంట రాయించాను. ఆ పిల్ల చదువులో నేను చేసిన సాయం అంతే.

ఇక్కడ చాలామంది అడిగేది చెప్పేస్తాను. పన్నెండు పూర్తయ్యేసరికి బి1 పాసైంది. జర్మన్‌లో చెప్పే డిగ్రీలకి అది చాలదు, ఇంకా పైస్థాయి కావాలి. ఫీజు లేదంటారు ఏజెంట్లు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నిజమే గాని, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటివాళ్ళ దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకోవడం మొదలెట్టారు. వీసాకి ఖాతాలో డబ్బు చూపాలి. 2024 సెప్టెంబరులో అది ఏడాదికి 11,904 యూరోలయింది. మా అమ్మాయి వెళ్ళలేదు. నా దగ్గర అంత డబ్బు లేదు. పుణేలోనే డిగ్రీ చేసింది, ఇప్పుడు అనువాదం పనిలో ఉంది.

పన్నెండులో ఒకసారి ఫోన్ చేసి, మొదటి యుద్ధంలో బెర్లిన్ దగ్గర వున్స్‌డోర్ఫ్ క్యాంపులో మన సిపాయీలు బందీలుగా ఉండేవారని, వాళ్ళ గొంతులు రికార్డు చేసి హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో దాచారని చెప్పింది. ఇల్లు వదిలి అంతదూరం వెళ్ళినవాళ్ళ గొంతులు. ఆ పాఠం తర్వాత టీచరు "హైమాట్" మీద పది వాక్యాలు రాయమన్నారు. సొంతూరు అనుకోండి. "ఏం రాయను నాన్నా?" అంది. మన గజపతినగరం దగ్గర ఊరు రాయమ్మా అన్నాను. "అక్కడ నేనున్నది మీ సెలవులు ఉన్నన్ని రోజులే కదా" అంది. నాకు జవాబు తోచలేదు.

చివరికి మా నల్ల ట్రంకు పెట్టె గురించి రాసింది. తర్వాత నాకు తెలుగులో చదివి వినిపించింది. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న నంబరు, పేరు, కింద స్టేషను. పోస్టింగు వచ్చినప్పుడల్లా పాత స్టేషను మీద నలుపు కొట్టి కొత్తది రాస్తాం. ఊరు మారినా తెరిస్తే అదే కలరా ఉండల వాసన. అదే మా హైమాట్ అని.

నేను లేచి బయటికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాక ఆ పెట్టెని పాత ఇనుముకి వేసేద్దామంది మా ఆవిడ. వెయ్యనివ్వలేదు. ఇప్పుడు అందులో దుప్పట్లున్నాయి. మూత మీద ఇంకా పుణే అనే ఉంది.