ఎన్నాళ్లు పడుతుంది సార్?

ఫిజియోథెరపీ పట్టా అందుకున్న పిల్లలకు అభినందనలు.

ఒమాన్‌లోని ఈ మబేలా పారిశ్రామిక వాడలో అల్యూమినియం కోసేవాళ్లలో, గ్యారేజీల్లో గ్రైండర్ పట్టేవాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు వాళ్లూ ఉన్నారు. రేపు మీ ముందు కూర్చుని పడిపోయిన చెయ్యి చూపించి అడిగేది ఒకటే: "ఎన్నాళ్లు పడుతుంది సార్?" ఆ ప్రశ్న వెనక వీసా గడువుంటుంది, ఊళ్లో అప్పుంటుంది. "తొందర్లోనే తగ్గిపోతుందిలే" అనడం తేలిక. ఏ రకం దెబ్బో తేల్చుకోకుండా ఆ మాట అనకండి.

యుద్ధకాలపు గాయాలు చూసిన హెర్బర్ట్ సెడన్ 1943లో నరాల దెబ్బలను మూడుగా విడదీశాడు. ఒళ్లు తెలియని అలసటతో కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసి నిద్రపోయినవాడికి తెల్లారేసరికి మణికట్టు వాలిపోతుంది. అది చాలావరకు న్యూరాప్రాక్సియా. ఆక్సాన్ తెగలేదు, పైనున్న మైలిన్ నలిగింది. వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో తిరిగొస్తుంది. ఆక్సాన్ తెగి బయటి తొడుగు నిలిస్తే ఆక్సనాట్మెసిస్. గాజు పలక జారి మణికట్టు దగ్గర నరం మొత్తం తెగితే న్యూరాట్మెసిస్. దానికి ఆపరేషన్ తప్పదు. 1951లో సండర్‌ల్యాండ్ వీటినే ఐదు మెట్లు చేశాడు. అవి మీరు బట్టీ పట్టే ఉంటారు, ఇక్కడ అడగను.

తెగిన చోటికి దిగువ భాగం శిథిలమవుతుందని 1850లోనే ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో చూపించాడు. పైనుంచి కొత్త మొలక రోజుకు సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. మణికట్టు నుంచి వేలికొసకు ఆరు నెలలు. చంక దగ్గర తెగితే అరచేతి కండరాలకు చేరేసరికి ఏడాదిన్నర దాటుతుంది. కండరం అంతకాలం ఎదురుచూడదు, ఎండిపోతుంది. కాబట్టి మూడు నెలలైనా కదలిక, ఈఎంజీలో ఆశ కనిపించకపోతే సర్జన్ దగ్గరికి పంపండి. కోతగాయమైతే మొదటిరోజే పంపాలి.

ఈలోగా కీళ్లు బిగుసుకోకుండా కదిలించాలి, వాలిన మణికట్టుకు స్ప్లింట్ కట్టాలి. స్పర్శ లేని వేళ్లకు వేడి చాయ్ గ్లాసు కూడా ప్రమాదమే. ఇక్కడి ఎండలో కాలిన ఇనుప రేకు సంగతి చెప్పాలా!

నరం దారి వెంట వేలితో తట్టుకుంటూ పోతే ఒకచోట జివ్వుమంటుంది. అదే టినెల్ గుర్తు. అక్కడ పెన్నుతో గీత గీసి, గాయం నుంచి దూరం కొలిచి రాయండి. నెలనెలా ఆ చోటు కిందికి జరిగితే రోగికి చూపించండి. కండరం తప్పక వస్తుందని మాత్రం మాటివ్వకండి. అయినా ఉత్త ధైర్యవచనాల కంటే కళ్లెదుట జరిగే ఆ గీతకే ఎక్కువ బలం ఉందని నా నమ్మకం.

మధ్యలోనే ఊరికి వెళ్లిపోతానంటే గాయమైన తేదీ, ఏ నరం, ఎక్కడ తెగింది, టినెల్ ఎంతవరకు వచ్చింది అన్నవి ఒక కాగితం మీద రాసివ్వండి. జగిత్యాలలోనో రాయచోటిలోనో ఉన్న ఫిజియోథెరపిస్టు అక్కడి నుంచే మొదలుపెడతారు.