ఒంటరి నడక: రచయితకు తొలి బడి
(సాహిత్యాభిలాషుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



“పావగడలో వ్రాయదగిన విషయమేమున్నది?” అని మన యువకులు తరచుగా నడుగుచున్నారు. వానలు చాలని నేల, రాళ్ల గుట్టలు, చెనిక్కాయ చేలు, ఇంతేకదా యని వారి నిరుత్సాహము. కథ వ్రాయుటకు బెంగుళూరో హైదరాబాదో చేరవలెనని వారి తలంపు. విషయమునకు కొరత లేదు. దానిని చూచుటకు మనము ఇల్లు వెడలుట లేదు; వెడలినను పదుగురితో వెడలుచున్నాము. నేడు ఈ సంగతినే మనవి చేయదలచినాము.

మన తాలూకాకు మూడు వైపుల ఆంధ్రదేశమే. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్న పెనుకొండ మనకు పొరుగూరు. 1565 నాటి యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధాని యైన ఆ ఊరి శిథిలముల నడుమ బాల్యము గడపినవారు పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914-1990). ఆ కూలిన గోడల ప్రక్కగా ఎందరో నిత్యము నడచిపోవుచుండిరి. ఆచార్యులవారు వానిని నిలిచి చూచిరి. చిన్ననాటనే వారి చేత ‘పెనుగొండలక్ష్మి’ కావ్యము వెలువడినది. తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథమై యుండెను. ఇంటి ముంగిటి రాయి కూడ కావ్యవస్తువు కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఒంటరిగానే ఏల పోవలెనని మీరడుగవచ్చును. గుంపుతో పోయినప్పుడు మన చెవులు మన మాటలతోనే నిండియుండును. భోజనమెక్కడ, బస్సెప్పుడు అను విచారముతోనే ప్రొద్దు గ్రుంకును. ఒంటరివానిని ఊరివారే పలుకరింతురు. “ఎవురు నాయనా నువ్వు? యా ఊరు?” అను ప్రశ్నతో సంభాషణ మొదలగును, అందుండి కథయు మొదలగును.

చూచినది నిలుపుకొనుట మరియొక విద్య. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతో కాశికి పయనమై మరుసటి యేట తిరిగివచ్చిరి. దారులు, మజిలీలు, ఊళ్ల స్థితిగతులు వెంటవెంటనే వ్రాసియుంచిరి. కనుకనే ‘కాశీయాత్ర చరిత్ర’ మనకు దక్కినది. రేపు వ్రాయుదమని తలచినచో సగము మరపునకు పోవును.

ఒక దినములో పోయి రాదగిన తావులు మనకు కొల్లలు. పావగడ కోట యున్నది, నిడగల్లు దుర్గమున్నది, నాగలమడికె యొద్ద ఉత్తర పినాకిని యున్నది. జాతరనాడు గాక జనము లేని నాడు పోయి చూడుడు.

తప్పక పోవలసిన తావు మరియొకటి గలదు. తిరుమణి, వళ్లూరు ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యము నందుకొన్నది. నేలను కొనక రైతులనుండి కౌలుకు తీసికొనిరి. ఏటేట కౌలు సొమ్ము వచ్చు ఇండ్లు అచట గలవు. సొంత నేల లేక, చేని కూలియు తగ్గి దిగులుపడు ఇండ్లును గలవు. రెండిండ్ల అరుగులమీదను కూర్చుండి వినువాడే రచయిత.

అచట వినవలసినది ఇంకొకటి యున్నది. చేను లేనిచోట గొర్రుతో పనిలేదు, గుంటకతో పనిలేదు, విత్తనము పోయు జడ్డిగముతో పనిలేదు. పనిముట్టు మూలబడిన కొన్నాళ్లకు దాని పేరు నోట నాడదు. మన బిడ్డలు బడిలో కన్నడము చదువుచున్నారు, అది కావలసినదే. కాని ఇంట తెలుగు మాటలాడు వారిలో పలువురు దానిని వ్రాయలేరు. నోటనే బ్రతుకు భాషలో పేరు తెలిసిన పెద్దవాడు గతించినచో పేరును వానితోనే పోవును. ఆ పెద్దలు నేడింకను అరుగులమీద నున్నారు. అందువలన ఈ నడక వేడుక మాత్రమే కాదు, మనకది కర్తవ్యము.

ఆడబిడ్డలు ఒంటరిగా దుర్గమెక్కుట సులభము కాదని ఎరుగుదుము. పగటి బస్సులో ప్రక్క యూరికి పోయి వచ్చుట, సంతలో ఒక గంట నిలిచి బేరములు వినుట కూడ పర్యటనయే. ఎక్కడికి పోవునో, ఎప్పుడు మరలునో తెలిసికొని, పెద్దలు మనసార పంపవలెను.

నెలకొక దినము చాలును. ఒక చిన్న పుస్తకము, నీళ్ల సీసా, బస్సు ఛార్జీ వెంట నుంచుకొనుడు. ఆ రాత్రియే ఒక పుట వ్రాయుడు. క్రొత్తగా విన్న మాటను, అది పలికిన సందర్భమును అందు చేర్చుడు. తెలుగు లిపి రానివారు కన్నడ లిపిలోనే తెలుగు మాట వ్రాయుడు. లిపిని తరువాత నేర్చుకొనవచ్చును. పోయిన మాటను తిరిగి తెచ్చుకొనలేము.

వచ్చు సమావేశమునకు ప్రతియొక్కరును అట్టి పుట ఒక్కటైన తేవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.