వ్రేలిముద్ర నుండి సంతకము వఱకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఏకలవ్యుని కథ ఎఱుగని తెలుగువారు అరుదు. నన్నయభట్టు ఆదిపర్వమున దానిని తెనిగించినది మొదలు వీథిబడి పంతుళ్లు, హరికథకులు, పురాణము చెప్పువారు దానిని చెప్పుచునే వచ్చిరి. హిరణ్యధన్వుని కుమారుడు విలువిద్య నేర్వగోరి ద్రోణుని కడకు వచ్చెను. నిషాదుడని ద్రోణుడు కాదనెను. ఆ బాలుడు అడవికి మరలిపోయి, మంటితో గురువు ప్రతిమను చేసికొని, దాని యెదుట అభ్యసించి, అర్జునుడే వెలవెలబోవునంతటి నేర్పు సంపాదించెను. తుదకు గురుదక్షిణ పేర బొటనవ్రేలు కోసి యిచ్చెను. కథ చెప్పువారెల్లరు ఆ వ్రేలి యొద్దనే ఆగి కన్నీరు పెట్టుదురు. మంటిబొమ్మ యెదుట అతడు గడపిన దినములను ఒక్క మాటతో దాటిపోవుదురు. కథకు అది చాలునేమో. పని యెట్లు జరుగునో తెలియగోరువారికి చాలదు. మెచ్చువాడు లేక, తప్పు దిద్దువాడు లేక, ప్రతిదినము లేచి బాణము సంధించుట ఎట్టి పనియో ఆలోచింపదగినది.

ఎఱుకలవారు ఏకలవ్యుడు తమ మూలపురుషుడని చెప్పుకొందురు. ఆ మాటకు తామ్రశాసనములు వెదకనక్కఱ లేదు. అయితే ఇరువదియవ శతాబ్దమున ఒక ప్రభుత్వము ఆ వంశమువారిని మరల వ్రేలు అడిగిన మాటకు మాత్రము శాసనమే సాక్ష్యము. ఈసారి కోసి యిమ్మనలేదు. సిరాలో అద్ది కాగితముమీద నొక్కుమనిరి.

ఆ శాసనము పేరు నేరస్థజాతుల చట్టము. 1871లో ఉత్తర హిందూస్థానమున మొదట అమలునకు వచ్చినది. 1911లో దానిని తిరుగవ్రాసి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. మనిషి చేసిన పనినిబట్టి కాక, పుట్టిన కులమునుబట్టి నేరస్థుడని పుస్తకమున వ్రాసికొను అధికారమును ఆ చట్టము సర్కారునకు ఇచ్చినది. వ్రాయబడినవాడు వ్రేలిముద్రలు ఈయవలెను. పిలిచినపుడు వచ్చి పేరు పలుకవలెను. చెప్పకుండ ఊరు కదలరాదు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేఱుచేసి ప్రత్యేకపు బడులలో ఉంచు అధికారము సైతము అందు కలదు.

ఆ జాతివారు అంతకు పూర్వము ఏమి చేసి బ్రతికెడివారు? తీరమునుండి ఉప్పును, పల్లపునాడులనుండి ధాన్యమును పశువుల వీపులమీద వేసికొని మెట్టనాడులకు పోయి మారకము చేసెడివారు. గంపలు, తట్టలు అల్లెడివారు. స్త్రీలు సోది చెప్పెడివారు. శ్రీనివాస కల్యాణగాథలో సాక్షాత్తు వేంకటేశ్వరుడే ఎఱుకలసాని వేషము దాల్చి ఆకాశరాజు నగరికి పోయి, పద్మావతీదేవి తల్లికి ఎఱుక చెప్పెనని తెలుగుదేశమున ఇంటింట చెప్పుకొందురు. దేవుడు కోరి వేసికొన్న వేషము పోలీసు పుస్తకములో నేరపు గుర్తుగా మాఱినది.

అది ఒక్కనాడు జరిగినది కాదు. ఉప్పుమీద దొరతనమువారి గుత్తాధికారము బిగిసినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రైలుబండి వచ్చి, పశువులు నెలరోజులలో మోయు బరువును రెండు దినములలో దించిపోవసాగినది. అడవులకు కొత్త కట్టుబాట్లు వచ్చి పశువుల మేత తగ్గినది. ఆ పైన 1876–78 నాటి కఱవు. దారి వర్తకునకు దారియే మూసికొనిపోయిన తరువాత వానిలో కొందఱు దొంగతనమునకు దిగిరి. కొందఱు దిగలేదు. చట్టము ఆ ఇరువురిని ఒక్క గాటనే కట్టినది.

బాపట్లకును చీరాలకును నడుమ స్టూవర్టుపురము వెలసినది అట్లు. 1914 ప్రాంతమున ఎఱుకల కుటుంబములను తెచ్చి ఇచట నిలిపిరి. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహకమండలి సభ్యుడగు సర్ హెరాల్డు స్టూవర్టు పేరు ఊరికి పెట్టిరి. నిర్వాహము రక్షణసైన్యమను క్రైస్తవసంస్థకు అప్పగించిరి. ఆ సంస్థను 1882లో హిందూదేశమునకు తెచ్చిన బూత్ టక్కరు సివిలు సర్వీసు ఉద్యోగము వదలుకొని, కాషాయవస్త్రము కట్టి, ఫకీరుసింగని పేరు పెట్టుకొన్నవాడు. ఆయన అనుచరులకు దయ లేదనుట అన్యాయము. బడి పెట్టిరి, మందు లిచ్చిరి, సేద్యము నేర్పజూచిరి. కాని వైద్యుడును కావలివాడును ఒక్కడే అయినపుడు రోగి వైద్యుని నమ్మునా? పగలు ఓనమాలు దిద్దించిన చేయియే పేరు పిలుపు పుస్తకమును పట్టుకొని నిలిచినది. చాలినంత భూమి లేక, ఉన్నదానికి నీరు చాలక, వలసమువారిలో పలువురు చీరాల పొగాకు కర్మాగారమునకు కూలికి పోవలసివచ్చినది. కూలి కొఱకు పోయినవారు తిరిగి పేరు పిలుపునకు అందవలెను.

ఇచట ఒక సంగతి చెప్పక తప్పదు. అదే 1914 ఏప్రిలులో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మొదటి మహాసభ జరిగినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము పోసినవారు. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినది; 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవమీద పుస్తకములు పెట్టి పశ్చిమ కృష్ణాడెల్టా కాలువగట్ల పల్లెలకు పంపిరి. పుస్తకము పడవ యెక్కి రైతు గుమ్మమునకు వచ్చుచున్న ఆ దినములలోనే, రైలులో కొన్ని స్టేషనుల దూరమున, మనుష్యులు చీటి లేనిదే ఊరు దాటరాకుండిరి. ఒకే సీమలో రెండు పుస్తకములు తెఱచియుండెను. ఒకదానిలో చదువరి తన పేరు తానే వ్రాసికొనెను. రెండవదానిలో అతని పేరు మఱియొకడు వ్రాసెను.

లెక్కలు వ్రాయువారికి తెలిసిన ధర్మము ఒకటి కలదు. పుస్తకములో పేరు ఎక్కించుటకు ఒక నిమిషము చాలును. కొట్టివేయుటకు పై ఉత్తర్వు కావలెను. మద్రాసు రాష్ట్రమున 1947లో ఆ ఉత్తర్వు వచ్చినది. తెలుగువారికి సుపరిచితులైన మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను 1949లో కూర్చిన సంఘము దేశమంతట విచారించినది. 1952 ఆగష్టు 31వ తేదీన దేశము మొత్తమునకు ఆ చట్టము రద్దయినది. నాటినుండి ఈ జాతులకు విముక్తజాతులని పేరు. కాగితముమీద సున్న చుట్టిరి.

కాని జనుల నోళ్లలో ఒక పుస్తకము కలదు. దానిలో కొట్టివేతకు ఉత్తర్వు లిచ్చు అధికారి ఎవడును లేడు. స్టూవర్టుపురమువాడనినంతనే అద్దె యిల్లు దొరకని కాలము, పని దొరకని కాలము, ఎచట దొంగతనము జరిగినను మొదటి చూపు ఈ వైపునకే తిరిగిన కాలము చట్టముతో పోలేదు. 1991లో ఈ ఊరి పేరు పెట్టుకొని రెండు చలనచిత్రములు వచ్చినవి. 2023లో ఇచటి ఒక దొంగ కథపై ఇంకొకటి వచ్చినది. కొట్టకలో కూర్చుండి చప్పట్లు కొట్టినవారికి అది మూడు గంటల వినోదము. ఊరి బడిపిల్లవానికి అట్లు కాదు. ఈ ఊర దొంగలే పుట్టలేదని వాదించుట అసత్యమగును. అట్టి వాదమును ఊరి పెద్దలును చేయరు. దొంగ లేని ఊరు ఏదియో చెప్పుడని మాత్రము వారు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది.

అట్టి యెడ 1970 దశకపు మధ్యకాలమున ఇచటికి ఇరువురు దంపతులు వచ్చిరి. హేమలతా లవణముగారు కవికోకిల గుఱ్ఱం జాషువగారి కుమార్తె. 1932లో వినుకొండలో జన్మించినది. పుట్టుకచేతనే మనిషికి గుమ్మము బయట చోటు చూపుట యెట్టిదో ఆమె తండ్రియింట నేర్చుకొన్నది. ‘గబ్బిలము’ వ్రాసిన చేయి ఆమెను పెంచినది. లవణముగారు గోరాగారి కుమారుడు. 1930లో, ఉప్పు సత్యాగ్రహపు టేట, పుట్టుటచేత గోరాగారు ఆ బిడ్డకు లవణమని పేరు పెట్టిరి. ఉప్పు చట్టముచేత వర్తకము పోగొట్టుకొన్న జాతి నడుమకు ఆ పేరుగల మనుష్యుడే పని చేయ వచ్చుట ఒక వింత. పురాణకర్తలైనచో దీనికి ఒక శాపమును, ఒక శాపవిమోచనమును కల్పించియుందురు. గోరాగారిది నాస్తికాశ్రమము గనుక ఆ ప్రయత్నము ఇచట మానుట మర్యాద.

లవణముగారు భూదానయాత్రలో వినోబాజీ ఉపన్యాసములను తెలుగున వినిపించినవారు. 1960లో చంబలు లోయలో బందిపోట్లు వినోబాజీ యెదుట ఆయుధములు దించిరి. ఆ యుదాహరణము ఈ దంపతుల మనసున నిలిచినది. అయితే చంబలు పని వేఱు, స్టూవర్టుపురపు పని వేఱు. అచట తుపాకి దించినంతనే దేశమంతయు చూచినది, పత్రికలు వ్రాసినవి. ఇచట దించుటకు తుపాకులు లేవు. దించవలసినది ఒక పేరు. దానిని దించుటకు ఒక సభ చాలదు.

జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ దినములలో ప్రభుత్వపు చేయూత లభించినది. ‘సంస్కార్’ అను సంస్థ పేర ఇచటను, నెల్లూరుసీమ కప్పరాళ్లతిప్పలోను పని సాగినది. ఆ పని యేమని అడిగినచో చెప్పుటకు పెద్ద విషయము కనబడదు. చెఱసాలకు పోయి ఖైదీలతో మాటలాడుట. ఊరికి వచ్చి వారి భార్యలతో, తల్లులతో మాటలాడుట. ఒకరి మాట ఇంకొకరికి చేర్చుట. పిల్లలను బడిలో చేర్చుట. బడి మానిన పిల్లవానిని వెదకి మరల చేర్చుట. విడుదలై వచ్చినవానికి పని చూచుట. వానిని నమ్మి పని ఇమ్మని ఇంకొకరిని బ్రతిమాలుట. పోలీసువారితోను మాటలాడవలెను, పోలీసువారికి భయపడువారితోను మాటలాడవలెను. ఇరువురును మొదట నమ్మరు. రేపు మరల రావలెను.

ఇది దీక్షగల దంపతుల పని మాత్రమే అనుకొన్నచో సగము లెక్క వ్రాసినట్లగును. రెండవ సగము ఊరిది. మగడు జైలులో నుండగా గంపలల్లి, కూలిచేసి, ఉన్న కాసులతో పిల్లవానికి పలక కొనిపెట్టిన స్త్రీ పేరు ఏ నివేదికలోను ఉండదు. ఊరి పేరు చెప్పినచో తోటివారు నవ్వుదురని తెలిసియు, హాజరుపట్టీలో ఆ పేరే వ్రాయించుకొని చదివిన బాలుని ఓర్పును ఎవరు కొలిచిరి? పేరు పిలుపునకు ‘అయ్యా’ అని పలికిన తాతకు మనుమడైనవాడు బడి హాజరునకు అదే మాట పలుకును. మాట ఒక్కటియే. ఆ రెంటి నడుమ రెండు తరములవారి జీవితము పట్టినది. మంటిబొమ్మ యెదుట ఏకలవ్యుడు గడపిన దినములవలెనే ఇవియును కథకుల కంటికి ఆనవు.

పని పూర్తియైనదని ఎవరును చెప్పలేరు. 1952లో ఆ చట్టము పోయినను అలవాటు నేరస్థుల చట్టము పేర ఇంకొకటి ఆంధ్రప్రదేశమున 1962లో వచ్చినది. కులమునుబట్టి కాక మనిషినిబట్టి వర్తించును గనుక అది వేఱని న్యాయవాదులు చెప్పుదురు. పాత పుస్తకమున పేరున్నవారికి ఆ భేదము బోధపడుటకు కాలము పట్టినది. హేమలతాదేవి 2008 మార్చి 20న, లవణముగారు 2015 ఆగష్టు 14న కన్నుమూసిరి. వారు ఈ పనిలో ప్రవేశించిననాటికి పుట్టని పిల్లలు నేడు పిల్లల తండ్రులు. వారిలో చదువుకొన్నవారు కలరు, ఉద్యోగములు చేయుచున్నవారు కలరు. వారి సంగతి చెప్పుటకు చలనచిత్రము తీయువారు ఇంతవఱకు ముందునకు రాలేదు.

ఇక గ్రంథాలయపు మాట. ఇరువదియైదేండ్లుగా ఇచట సాయంకాలము తలుపు తీయుట, దీపము వెలిగించుట, చెదలు దులుపుట, తిరిగిరాని పుస్తకమునకై ఇంటింటికి పోయి అడుగుట జరుగుచున్నవి. ఈ సంచికలో వార్షికోత్సవముల ఛాయాచిత్రము లుండును గాని చెదలు దులుపుచున్న ఛాయాచిత్రము ఉండదు. ఆ పని చేసినవారు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుండియున్నారు. పేరు చెప్పినచో లేచిపోవుదురని చెప్పుట మానవలసివచ్చినది.

ఒక విన్నపము మాత్రము కార్యదర్శిగారికి. హేమలతాదేవి తన అనుభవములను ‘నేరస్థుల సంస్కరణ’ అను పేర గ్రంథముగా వ్రాసినది. ఆ గ్రంథపు ప్రతి ఒకటి సంపాదించి బీరువాలో ఆదిపర్వము ప్రక్కన ఉంచవలెను. వరుససంఖ్య ప్రకారము అది అచట ఉండదగినది కాదని కార్యదర్శిగారు ఆక్షేపింతురు. ఈ ఒక్కదానికి మినహాయింపు నీయుదురు గాక. దానిని మొదట తీసికొనిపోవువారు స్టూవర్టుపురపు పిల్లలైనచో, ఎరువు పుస్తకమున వ్రేలిముద్ర వేయనక్కఱ లేదు; ఊరి పేరుతో సహా పూర్తి సంతకము చేయవలెను.