ఆకులోని జమాఖర్చు



సత్యవేడు, వరదయ్యపాలెము ప్రాంతమున 2008లో ప్రారంభమైన శ్రీ సిటీలో కర్మాగారము లనేకము గలవు. వాటి సమీపమున కాలువగట్టుపై మొలచు పొన్నగంటి ఆకు సయిత మొక కర్మాగారమే. సూర్యరశ్మి దాని ఇంధనము. నీరు, బొగ్గుపులుసు వాయువు ముడిసరకు. చక్కెర, పిండిపదార్థము తయారగు సరకు. దీనినే కిరణజన్య సంయోగక్రియ యందురు.

ఇందలి పనివాండ్రు ఎంజైములు. మొలకకట్టిన రాగులు తీపెక్కుట ఎంజైముల పనియే. ఆకులో బొగ్గుపులుసు వాయువును పట్టునది రుబిస్కో. లోకమున మిక్కిలి సమృద్ధిగా నున్న మాంసకృత్తు లలో నిది యొకటి. ఐనను దీనికి రెండు లోపములు గలవు. సెకనుకు కొలది అణువులను మాత్రమే పట్టగల మందకొడి యిది. పైగా ఒక్కొక్కప్పుడు పొరబడి ప్రాణవాయువును పట్టును. అపుడు జమయైన కర్బనములో కొంత మరల గాలి పాలగును. ఎండ ముదిరినకొలది ఈ పొరపాటు హెచ్చి, సుమారు నాల్గవవంతు ఖర్చు వ్రాయవలసి వచ్చును. ఆకు రంధ్రములు తెరచిననే గాని వాయువు లోనికి రాదు. తెరచినంతసేపు నీరు ఆవిరియగును. కావున వాయువు నష్టమైనచో నీరును నష్టమే.

వరి, వేరుసెనగ ఈ విధమున నడచును. చెరకు, రాగి, జొన్న, సజ్జలలో వేరొక ఏర్పాటు గలదు. వానిలో పెప్ కార్బాక్సిలేజు అను ఎంజైము ముందు నిలుచును. ఇది ప్రాణవాయువును ముట్టదు. పట్టినదానిని ఈనెల చుట్టునున్న కణములకు చేర్పగా, అచట రుబిస్కో పొరబడక పని చేయును. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెరకు ఆకులో దీనిని వివరించిరి. ఇట్టి పైరులు ఇంచుమించు సగము నీటితోనే అంత బరువు పెరుగగలవు. చెరకు మాత్రము ఏడాది చేనిలో నుండుటచే మొత్తముమీద ఎక్కువ నీరే త్రాగును.

ఈ రెండు మార్గములకు నడుమ మరియొకటి గలదా? దీనికి ఒక సమాధానము తిరుపతి నుండియు లోకమునకు అందినది. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ అను పరిశోధకులు పొన్నగంటి జాతి మొక్కలను పరీక్షించి, 1986లో అమెరికా పత్రికయైన ప్లాంట్ ఫిజియాలజీలో ప్రకటించిరి. కూరకు కోయు పొన్నగంటిది వరి మార్గము. నేలబారుగా ప్రాకు ముళ్ళ పొన్నగంటిది రాగి మార్గము. అదే జాతిలోని మరి రెండు మొక్కలు నడిమి మార్గమున నున్నవని వారు తేల్చిరి. ఒకే వంశమున మూడు పద్ధతుల లెక్క!

వరికి రాగి నేర్పు నేర్పవలెనని పరిశోధకులు నేడును యత్నించుచున్నారు. అది యింకను రైతు పొలమునకు రాలేదు. చెరువు నిండని ఏట మెట్టచేనిలో వేరుసెనగయా, రాగియా, సజ్జయా అని యోచించునపుడు విత్తనపు ధరతోపాటు ఆకులోని నీటి లెక్కయు చూచుట మేలు. వాన తక్కువైన సంవత్సరమున కుటుంబపు గింజలు ఆ లెక్కపైననే ఆధారపడియుండును.