పాలు తాగేవేళ పట్టే చెమట

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా రెండోవాడు మూడు నెలల పిల్లవాడప్పటి మాట. పాలు పడితే నాలుగు గుక్కలు తాగి, రొప్పుతూ వదిలేసేవాడు. కాసేపటికి మళ్ళీ ఆకలని ఏడుపు. నుదురంతా చెమట. మా అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పు దిగదుడిచారు. నేనేమో ఉక్కపోత అనుకుని ఫ్యాను పెంచాను. టీకాకని తీసుకువెడితే డాక్టరమ్మగారు గుండెమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "గుండె గదుల మధ్య గోడకి రంధ్రం ఉన్నట్టుంది, ఎకో తీయించండి" అన్నారు. "మా ఇంటా వంటా లేదే!" అన్నాను.

పుట్టుకతో వచ్చే గుండెలోపం నూటికి దాదాపు ఒక బిడ్డలో ఉంటుంది. కడుపులో మొదటి రెండు నెలల్లోనే గుండె రూపు కడుతుంది. తేడా అప్పుడే వస్తుంది. చాలామందిలో కారణం తేలదు. గ్రహణంవేళ కూర తరిగినందుకు మాత్రం కాదు. కనుక కోడల్ని ఆడిపోసుకోకండి.

పాలు తాగుతూ చెమటపట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నెమ్ము చేయడం ఒక రకం. బిడ్డ నిద్రపోతున్నప్పుడు నిమిషంపాటు ఊపిరులు లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకి 60, ఏడాదిలోపు బిడ్డకి 50 దాటితే ఆలస్యం చేయకండి. రెండో రకంలో ఒళ్ళు నీలమెక్కుతుంది. చామనఛాయలో అది తేలిగ్గా తెలియదు, నాలుక, చిగుళ్ళు చూడాలి. కాస్త పరుగెత్తి గొంతుక్కూర్చునే పిల్లల్ని బద్ధకమని కసరకండి. అలా కూర్చుంటే వాళ్ళకి ఆయాసం తగ్గుతుంది. ఉన్నట్టుండి మరీ నీలమెక్కితే మోకాళ్ళు రొమ్ముకి ఆనేలా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక పెద్దవాళ్ళ సంగతి. గుండె పైగదుల మధ్య రంధ్రం ముప్ఫై, నలభై ఏళ్ళదాకా బయటపడకపోవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, దడ, సాయంత్రానికి పాదాల వాపు. రక్తం తక్కువేమో, వయసేమో అని సరిపెట్టుకుంటాం. గర్భిణికి ఒంట్లో రక్తం ఇంచుమించు సగం పెరుగుతుంది. ఆ భారానికి దాగిన లోపం బయటపడవచ్చు. ఇంటిల్లిపాదికీ మందులు అందించి, మన ఆయాసం మాట దాచుకునేది మనమే కదా!

అలాగని బెంగపడకండి. గుండెలో చప్పుడు వినబడిన ప్రతి బిడ్డకీ జబ్బున్నట్టు కాదు. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడుకుంటాయి. ఎకో నొప్పిలేని పరీక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి, ఇలాంటి లోపాలు కనిపెడతారు. మీ ఇంట పనిచేసే అమ్మాయికీ ఈ మాట చెప్పండి.

మావాడికి ఏడాది నిండకముందే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వెళ్ళి, చెమటలు కక్కుతూ ఇంటికొస్తాడు. ఆ చెమటంటే నాకు భయం లేదు.