సంతాన చికిత్స - రికార్డుల ఆవశ్యకత



కార్యాలయములలో పనిచేయువారికి కాగితములన్న విసుగు సహజము. కాని కొన్ని కాగితములే ఒక శాస్త్రజ్ఞుని గౌరవమును నిలిపిన వృత్తాంతము ఈ దేశముననే కలదు.

1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున, శరీరము వెలుపల ఫలదీకరణము చెందిన అండమునుండి ప్రపంచములో మొదటి శిశువు జన్మించెను. ఆ యేడే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన అట్టి శిశువే మరియొకతె జన్మించెను. పిండమును అతిశీతలస్థితిలో భద్రపరచి, పిమ్మట గర్భమున ప్రవేశపెట్టుట ఆయన పద్ధతిలోని విశేషము. రాష్ట్రప్రభుత్వము నియమించిన విచారణసంఘము దానిని విశ్వసింపలేదు. జపానునుండి ఆహ్వానము వచ్చినను, ప్రభుత్వోద్యోగి యగుటచే అనుమతి కావలసివచ్చెను; అది లభింపలేదు. తుదకు నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసిరి. 1981 జూన్ 19న ఆయన స్వయముగా ప్రాణములు విడిచిరి.

1986 ఆగస్టు 6న బొంబాయిలో జన్మించిన శిశువే దేశమున మొదటిదని లోకము నమ్మెను. ఆ కృషిలో డాక్టరు ఇందిరా హిందుజాతో పాల్గొనినవారు డాక్టరు టి. సి. ఆనందకుమార్. 1997లో ఆయనయే ముఖోపాధ్యాయ వ్రాతపత్రములను పరిశీలించి, ప్రథమగౌరవము వారిదేయని ప్రకటించిరి. తనకు దక్కిన కీర్తిని మరియొకరి కప్పగించుట సామాన్యము కాదు. ఆ పత్రములే నశించియున్నచో అంతటి ఔదార్యమునకును ఆధారముండెడిది కాదు.

సత్యము ఇట్లు అదృష్టముపై ఆధారపడరాదు. బ్రిటనులో మేరీ వార్నాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1984లో నివేదిక నొసగగా, 1990లో చట్టము వచ్చెను. 1991 నుండి నియంత్రణసంస్థ చికిత్సల వివరములను రిజిస్టరులో నమోదు చేయుచున్నది. 2005 ఏప్రిల్ 1 తరువాత నమోదైన దాతల బీజముతో పుట్టినవారు, 18 ఏండ్లు నిండినపిమ్మట దాత యెవరో తెలిసికొనవచ్చును.

భారతదేశమున 2021 నాటి చట్టము 2022 జనవరి 25న అమలులోనికి వచ్చెను. ప్రతి చికిత్సాలయమును రిజిస్టరు కావలెను. రికార్డులను కనీసము 10 సంవత్సరములు భద్రపరచి, పిమ్మట జాతీయ రిజిస్ట్రీకి అప్పగింపవలెను. స్త్రీ జీవితమున ఒక్కసారి మాత్రమే అండదానము చేయవచ్చునని నియమము. ఒక ఊరి వైద్యునికి వేరొక ఊరిలో జరిగిన దానము తెలియుట యెట్లు? దేశమంతటికి ఒకే పద్దు ఉన్ననే ఆమె ఆరోగ్యమునకు రక్ష.

అయితే ఆ పద్దు గోప్యముగా నుండవలెను. సంతానము లేని దంపతుల వేదన నలుగురి నోట పడరాదు. నిజమును వ్రాయుట, వ్రాసినదానిని కాపాడుట - ఈ రెండును గుమాస్తా చేయు పనులే. అయినను వైద్యుని సేవకు అవి తీసిపోవు.